మనసులో కోపం ఉండగా బల్ల తీసుకోవచ్చా?

ఖమ్మం జిల్లా నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు నలభై దాటాయి. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు తాతల నాటి నుంచీ సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలోనే ఉన్నారు. భర్త మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసేవాడు. తామర పురుగు పడి తోట పోయిన ఏడాది ఎరువుల కొట్టు బాకీ, వడ్డీ అప్పు కలిసి మీద పడ్డాయి. ఆ వేసవిలో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటి పాస్టరు గారు ఇంటి ముందు ప్రార్థన చేశారు గానీ పెట్టెను చర్చిలోకి తీసుకురానివ్వలేదు. సమాధుల తోటలో చోటు ఇవ్వడానికి కమిటీలో కొందరు అడ్డం తిరిగారు. ‘ఇలాంటి చావుకు అక్కడ చోటిస్తే రేపు పిల్లలకు ఏం చెప్తాం’ అన్నది ఆమెకు వరసకు బావ అయ్యే ట్రెజరర్. చివరికి వాగు పక్కన బంధువుల చేను గట్టు మీద పెట్టారు.

అప్పటి నుంచి ఆమె ఆదివారం మానలేదు గానీ బల్ల, అంటే ప్రభు రాత్రి భోజనంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం, మానేశారు. ‘వాక్యం అయ్యేదాకా వెనక చాప మీద కూర్చుంటాను. బల్లకు వరసలు లేవగానే కొంగు సర్దుకుని, చెప్పులు వెతుక్కుని బయటికొచ్చేస్తాను. అందరికీ అలవాటైపోయింది. ఎవరూ అడగరు’ అని రాశారు.

ఇప్పుడు కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. కన్ఫర్మేషన్ (బల్ల తీసుకోవడానికి ముందు, బిషప్ చేత విశ్వాసంలో స్థిరపరచబడే ఆచారం) క్లాసులకు వెళ్తోంది. వచ్చే నెల బిషప్ గారు వస్తున్నారు. ‘నా పక్కన నువ్వు మోకరించకపోతే నేనూ తీసుకోను’ అని ఆ పిల్ల పట్టుబట్టింది. ఈమెకేమో భయం. ఆ బావను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంత కోపం పెట్టుకుని తీసుకుంటే, అయోగ్యంగా తినేవాళ్ల గురించి అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసినట్టు అది శిక్ష అవుతుందేమో, ఆ శిక్ష బిడ్డ మీద పడుతుందేమో అని. ఒక స్నేహితురాలు ఈ సంఘం వదిలేసి తమ ప్రార్థన మందిరానికి రమ్మంటోంది. ‘అసలు మా ఆయనకు నిరీక్షణ (దేవుని దగ్గర రక్షణ దొరుకుతుందన్న ఆశ) ఉందా? ఎవర్ని అడిగినా మాట మార్చేస్తున్నారు’ అని అడిగారు. చివర ఒక్క వాక్యం: ‘ఒక్కో రాత్రి నేను మాత్రం ఎందుకు బతకాలి అనిపిస్తుంది.’

అమ్మా, ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. బల్ల గురించి రాసినవన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. అలాంటి ఆలోచన వస్తున్నప్పుడు ఎవరో ఒకరికి నోరు తెరిచి చెప్పాలి. మీ తోడికోడలు మీకు అండగా ఉందని రాశారు కదా, ఆమెకు చెప్పండి. అర్ధరాత్రి ఎవరినీ లేపబుద్ధి కాకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళ చేసినా తీస్తారు. జిల్లా ఆసుపత్రిలో డాక్టరుకు చూపించుకోవడం విశ్వాసం తక్కువైనవాళ్లు చేసే పనేమీ కాదు. ఏలీయా ప్రవక్త అంతటివాడు బదరీ చెట్టు కింద కూలబడి ఇక నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత లేపించి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు. ప్రయాణం సంగతి ఎత్తింది ఆ తర్వాతే. మీరు ఈ మధ్య సరిగా తింటున్నారా, నిద్రపోతున్నారా? మిరప కోతలకు వెళ్లొచ్చి రాత్రి దాకా మిషను కుడుతున్నానన్నారు. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇక బల్ల సంగతి. మీ భయమూ మీ కోపమూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ముందు భయం చూద్దాం.

పౌలు ఆ మాటలు ఎవరికి రాశాడో, ఏం చూసి రాశాడో మీకు ఎవరూ చెప్పలేదనుకుంటాను. కొరింథులో ఆ రోజుల్లో ప్రభు రాత్రి భోజనం అంటే అందరూ కూడి చేసే భోజనంతో కలిసే ఉండేది. ఉన్నవాళ్లు తెచ్చుకున్నది ముందే తినేసి, తాగేసేవాళ్లు. లేనివాళ్లు ఖాళీ కడుపుతో చూస్తూ కూర్చునేవాళ్లు. ‘ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును’ అని, ‘పేదలను సిగ్గుపరచుదురా’ అని పౌలు మండిపడింది అది చూసే. అయోగ్యముగా తినడం గురించిన హెచ్చరిక అదే అధ్యాయంలో, ఆ వెంటనే, ఆ మనుషులకే వస్తుంది. పక్కవాణ్ని సిగ్గుపరుస్తూ నిశ్చింతగా బల్ల దగ్గర కూర్చున్నవాళ్లను పౌలు హెచ్చరించాడు. భర్తను పోగొట్టుకుని వెనక చాప మీద కుమిలిపోతున్న మనిషి ఆ మాటల్లో ఎక్కడా లేదు. మన సంఘాల్లో చాలాచోట్ల బల్లకు ముందు ఆ హెచ్చరిక వచనాలు చదువుతారు, దాని ముందున్న గొడవ చదవరు. దాంతో భయపడాల్సినవాళ్లు ధైర్యంగా తీసుకుంటున్నారు. ఆదరణ కావాల్సినవాళ్లు భయపడి బయటికి వెళ్లిపోతున్నారు. నన్ను చాలా బాధపెట్టే విషయం ఇది.

పైగా, ‘ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అన్న పౌలు ఆ తర్వాత దూరంగా ఉండమనలేదు. అలా పరీక్షించుకుని రొట్టె తినమన్నాడు, పాత్రలోనిది తాగమన్నాడు. పరీక్ష బల్లకు వెళ్లడానికే. అధ్యాయం ముగిస్తూ ‘ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి’ అన్నాడు. అది సంఘానికి ఇచ్చిన ఆజ్ఞ. మీరు చెప్పులు వేసుకుని బయటికి నడుస్తుంటే మీ కోసం ఆగి, ఎందుకు వెళ్తున్నావమ్మా అని అడగాల్సింది వాళ్లు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదంటే, ఆ అధ్యాయం ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సింది మీరు కాదు.

బిడ్డ మీద శిక్ష పడుతుందన్న భయం పూర్తిగా వదిలేయండి. ఒకరి దోషం ఇంకొకరు మోయరని యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం చెప్పేది అదే.

మీ సంఘంలో బల్లకు వెళ్లేముందు అందరూ కలిసి చెప్పే ప్రార్థన మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ప్రభువా, మా నీతిని నమ్ముకుని రావడం లేదు, నీ బల్ల కింద పడిన రొట్టె ముక్కలు ఏరుకోవడానికైనా మేము పాత్రులం కాము అని. మీ బావ గారూ ఆ మాట చెప్తారు. పాస్టరు గారూ చెప్తారు. చెప్పి, లేచి, వెళ్లి తీసుకుంటారు. యోగ్యత ఉందని ఎవరూ వెళ్లడం లేదమ్మా. యేసు రొట్టె విరిచిన ఆ మొదటి రాత్రి కూడా, తనను అప్పగించేవాడి చెయ్యి తనతోపాటు బల్ల మీదే ఉందని ఆయనే అన్నట్టు లూకా రాశాడు. తెల్లారేలోగా తనను ఎరుగనని బొంకబోయే పేతురూ అక్కడే ఉన్నాడు.

ఇప్పుడు కోపం. ‘సహోదరుడితో సమాధానపడకుండా బల్లకు వెళ్లకూడదు’ అని మీకు చెప్పినవాళ్లు మత్తయి 5వ అధ్యాయాన్ని మీకు అప్పజెప్పి ఉంటారు. మీ బైబిలు తీసి ఆ వచనాలు నెమ్మదిగా చదవండి. అర్పణ అర్పించడానికి వచ్చినవాడికి, తన మీద తన సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలి. ఎవరు వెళ్లాలి? ఎవరి మీదనైతే అవతలివాళ్లకు బాధ ఉందో వాళ్లు. మీకు మీ బావ మీద బాధ ఉంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. కాబట్టి ఆ వచనం మీ ఇంటి దారి చూపిస్తున్నది ఆయనకు. తగిలినవాళ్ల నెత్తినే ఆ బరువు కూడా పెట్టడం అన్యాయం.

అలాగని మీ కోపం మిమ్మల్ని ఏమీ చేయదని అనను. అది మీ నిద్ర తింటోంది. ఏదో ఒక రోజు దాన్ని దింపుకోవాలి. కానీ ఎవరూ వచ్చి క్షమించమని అడగకుండానే, బిషప్ గారు వచ్చే తేదీలోగా క్షమించేయాలని మీకు మీరు గడువు పెట్టుకోవద్దు. ‘ప్రభువా, నాకింకా కోపంగానే ఉంది, దీన్ని నీ దగ్గరికే తెస్తున్నాను’ అని చెప్పి తీసుకోవచ్చు. కీర్తనల్లో అలాంటి ప్రార్థనలు ఎన్నో ఉన్నాయి.

మీవారి విషయం. మాట మార్చకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను. సౌలు రాజు యుద్ధంలో ఓడి తన కత్తి మీద తానే పడి చనిపోయాడు. ఫిలిష్తీయులు ఆయన శవాన్ని బేత్షాను గోడకు తగిలించారు. అప్పుడు యాబేష్గిలాదువాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి, శవాన్ని దింపి తెచ్చి, ఎముకలను చెట్టు కింద పాతిపెట్టి 7 రోజులు ఉపవాసం ఉన్నారు. ఆ ఉపకారానికి దావీదు వాళ్లను పేరుపెట్టి దీవించాడు. ప్రాణం తీసుకున్న మనిషికి గౌరవంగా సమాధి చేసినందుకు దీవెన దొరికిన చోటు బైబిల్లో ఉంది. సమాధి నిరాకరించమన్న ఆజ్ఞ మాత్రం ఎక్కడా లేదు.

మరి ఈ పద్ధతి ఎక్కడిది? మనుషులు పెట్టిన నిబంధన. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘం వాడిన 1662 నాటి ప్రార్థన పుస్తకంలో, బాప్తిస్మం లేనివాళ్లకు, వెలివేసినవాళ్లకు, తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లకు సమాధి ఆరాధన వాడకూడదని ఒక సూచన ఉంది. ఆంగ్లికన్ మిషన్లు పనిచేసిన చోట్లకల్లా ఆ పుస్తకం వెళ్లింది. రోమన్ కాథలిక్కులూ ఒకప్పుడు అలాగే ఉండేవాళ్లు. 1983లో వాళ్ల సంఘ చట్టాన్ని మార్చినప్పుడు ఆత్మహత్య చేసుకున్నవాళ్ల అంత్యక్రియల మీది ఆ నిషేధాన్ని తీసేశారు. వాళ్ల నిత్య రక్షణ విషయంలో నిరాశపడకూడదని తమ సత్యోపదేశ గ్రంథంలో రాసుకున్నారు కూడా. మన దేశ చట్టమే 2017 మానసిక ఆరోగ్య చట్టంతో, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించకూడదనీ అంది. ప్రభుత్వం ఆ మాత్రం కనికరం చూపిస్తుంటే సంఘం వెనకబడి ఉండటం తగదు.

మీవారు అప్పుల వాళ్ల ఫోన్లు తీయలేక, ఎండిన తోట వైపు చూడలేక ఆ పని చేశారు. అది తప్పు కాదని నేననను. మీకూ మీ బిడ్డకూ ఎంత దెబ్బ తగిలిందో మీకే తెలుసు. కానీ ఆ చివరి గంటలో ఆయన మనసు ఎలా ఉందో చూసినవాడు దేవుడు ఒక్కడే. మరణమైనా జీవమైనా దేవుని ప్రేమ నుంచి మనల్ని ఎడబాపలేదని పౌలు రోమీయులకు రాసినప్పుడు, ఫలానా మరణం తప్ప అని అందులో మినహాయింపు పెట్టలేదు. ఆయనకు నిరీక్షణ లేదని చెప్పే అధికారం మీ కమిటీకి లేదు. ఆయన కోసం మీరు నిరీక్షించవచ్చు. నేనూ నిరీక్షిస్తున్నాను.

ఇక వచ్చే నెల ఏం చేయాలన్నది మీరు తేల్చుకోవాల్సిందే. ఏ దారిలో ఏం ఎదురవుతుందో నాకు తోచింది చెప్తాను.

ఆ రోజు బిడ్డతో కలిసి తీసుకోవడం ఒకటి. నా మనసు ఇటే మొగ్గుతోంది. కానీ ఒక క్షణానికి ముందే సిద్ధపడి వెళ్లండి. సీఎస్‌ఐ ఆరాధనలో బల్లకు ముందు ఒకరికొకరు చేతులు కలిపి సమాధానం (శాంతి కలగాలని) చెప్పుకుంటారు కదా. మీ బావ మీ వైపే రావచ్చు, చెయ్యి చాచవచ్చు. చెయ్యి ఇవ్వగలిగితే ఇవ్వండి. లేకపోతే దూరం నుంచే రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పండి, చాలు. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఏడుపు వస్తే రానివ్వండి. ఈ దారిలో ఉన్న చిక్కల్లా, మీరు బల్ల తీసుకున్నారు కాబట్టి పాత సంగతి ముగిసిపోయిందని కమిటీవాళ్లు అనుకోవచ్చు. అందుకే ముందుగా పాస్టరు గారికి ‘నేను నా ప్రభువు కోసం, నా బిడ్డ కోసం వస్తున్నాను, మా ఆయన విషయం అలాగే ఉంది’ అని చెప్పి ఉంచండి.

ఆ రోజు తీసుకోలేను అనిపిస్తే, తీసుకోకుండా బిడ్డ పక్కన మోకరించవచ్చు. రొట్టె అందుకోకుండా తల వంచితే పాస్టరు గారు దీవించి ముందుకు వెళ్తారు. ముందే చెప్పి ఉంచితే ఇబ్బంది ఉండదు. నలుగురూ చూస్తారు, గుసగుసలాడతారు. బిడ్డకు మాత్రం అమ్మ పక్కనే ఉంటుంది. బయటికి వెళ్లిపోవడం కంటే ఇది ఎంతో మేలు. కాకపోతే, ‘నువ్వు తీసుకోకపోతే నేనూ తీసుకోను’ అన్న పిల్ల ఆ మాట మీదే నిలబడవచ్చు కాబట్టి, ఆమెతో ముందే మాట్లాడి తీరాలి. మీ కోపం గురించి, నాన్న సమాధి గురించి ఆమెకు ఎంత తెలుసో మీరు రాయలేదు. పదిహేడేళ్ల పిల్లకు సగం తెలిసే ఉంటుంది. మిగతా సగం ఊరివాళ్ల నోటి నుంచి కాకుండా మీ నుంచి వినాలి.

బిషప్ గారు రాకముందే విషయాన్ని తెరవడం ఇంకో దారి. మీ పాస్టరు గారు ఏడాది కిందటే బదిలీ మీద వచ్చారన్నారు. అంటే ఆ రోజు జరిగినదానిలో ఆయన చెయ్యి లేదు. ఆయన దగ్గరికి వెళ్లి, వాగు పక్కన సమాధి దగ్గర సంఘం తరఫున ఒక ప్రార్థన జరిపించమని అడగండి. సమాధుల పండుగ రోజు మిగతావాళ్ల పేర్లతో మీవారి పేరూ చదవమని అడగండి. మీ బావను కూర్చోబెట్టి మాట్లాడించమనీ అడగవచ్చు. ఇది అన్నిటికంటే కష్టమైన దారి. కమిటీలో చీలిక రావచ్చు, పాస్టరు గారు ‘తర్వాత చూద్దాం’ అని దాటవేయవచ్చు, మానిన గాయం మళ్లీ రేగవచ్చు. కానీ బాగా జరిగితే మీ ఒక్కరికే కాదు, ఆ సంఘంలో ఇలాంటి కష్టం రేపు ఇంకే ఇంటికి వచ్చినా వాళ్ల పెట్టె ముందు చర్చి తలుపు మూసుకోదు. అన్నీ ఒకేసారి అడగాలని లేదు. సమాధి దగ్గర ప్రార్థన ఒక్కటి అడిగి చూడండి. కాదనడానికి ఆయన దగ్గర కారణమేమీ ఉండదు.

స్నేహితురాలి మందిరానికి వెళ్లడం తప్పు కాదు. అక్కడ మీ గతం ఎవరికీ తెలియదు, కొన్నాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. అయితే వెళ్లేముందు ఒక్కటి కనుక్కోండి: ఆత్మహత్య గురించి అక్కడ ఏం బోధిస్తారు? ఇక్కడికంటే కఠినంగా చెప్పే చోటికి వెళ్లి కూర్చుంటే ఉన్న దుఃఖం రెట్టింపవుతుంది. బిడ్డ కన్ఫర్మేషన్ అయ్యేదాకా ఆగమని మాత్రం అడుగుతాను. ఆ పిల్ల కష్టపడి క్లాసులకు వెళ్తోంది, ఆమె నిర్ణయం ఆమెదిగా ఉండనివ్వండి.

మీ ఉత్తరం చదివే సంఘ పెద్దలు కూడా ఉంటారు, వాళ్లతో ఒక మాట. పెద్దలారా, మీకు దగ్గర్లోనే డోర్నకల్ ఉంది. 1912లో అక్కడికి బిషప్‌గా వచ్చిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ దేహాలను కాల్చడానికి ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. మాల, మాదిగ కుటుంబాలు ఒకే బల్ల దగ్గర తీసుకోవాలని పట్టుబట్టిన మనిషి ఆయన. ఊళ్లో గ్లాసు కూడా ముట్టనివ్వని రోజుల్లో మన తాతలకు, అవ్వలకు ఆ బల్ల దగ్గర దొరికింది మనుషులుగా లెక్క. నిరీక్షణ అంటే వాళ్లకు అక్కడే కంటికి కనిపించింది. అదే బల్ల దగ్గరి నుంచి ఇవాళ ఒక విధవరాలు చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతుంటే, మనం ఎవరికి నిరీక్షణ చెప్పడానికి ఊళ్లు తిరుగుతున్నాం?

పట్టా తమ పేరున లేనందువల్ల రైతు బీమా రాలేదని ఈ సోదరి రాశారు. నిజమే, ఆ పథకం పెట్టింది పట్టాదారులకే. కౌలు రైతు చనిపోతే ఆ ఇల్లు ఖాళీ చేతులతో మిగులుతుంది. ఆసరా పింఛను కాగితాలు పట్టుకుని ఆమెతో మండలాఫీసుకు వెళ్లడానికి యూత్‌లో ఒకరు దొరకరా? ఎరువుల కొట్టు యజమానితో వడ్డీ తగ్గించమని మాట్లాడటానికి పెద్దల్లో ఇద్దరు కూర్చోలేరా? బాధలో ఉన్న రైతులు మీ వరసల్లో ఇంకెందరున్నారో మీకు తెలుసా? ఆదివారం రొట్టె విరిచేవాళ్లు సోమవారం చేయాల్సిన పని ఇదే.

అమ్మా, పాస్టరు గారిని కలవాలనుకుంటే ఈ వారమే వెళ్లండి. బిషప్ గారు వచ్చే వారంలో ఆయనకు పందిరి, భోజనాలు, రిజిస్టర్ల టెన్షనే సరిపోతుంది, మీ మాట చెవికెక్కదు. ఒంటరిగా వెళ్లొద్దు, తోడికోడల్ని తీసుకెళ్లండి. పాస్టరమ్మ గారు కూడా కూర్చునేలా చూడండి. చెప్పాలనుకున్నది నోటితో చెప్పలేకపోతే నాకు రాసినట్టే ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. మీరు చాలా బాగా రాస్తారు.